అమెరికా షేర్లు కొనేవాళ్లకు పాన్ చాలా, ఐటిన్ కూడా కావాలా?

ఆ మధ్య మా బావగారు ఫోన్ చేసి, "అమెరికా షేర్లు కొనాలంటే ఐటిన్ అని ఏదో నంబర్ ఉండాలట. తీసిపెడతానని ఒకాయన డబ్బులు అడుగుతున్నాడు, ఇచ్చేయనా?" అన్నారు. వద్దన్నాను. ఇండియాలో ఉంటూ, అక్కడ లిస్టయిన కంపెనీల షేర్లు కొని, డివిడెండ్ తీసుకుని, ఎప్పుడో అమ్ముకునే మనిషికి ఐటిన్ అక్కర్లేదు. జేబులో ఉన్న పాన్ చాలు. కానీ ఆ పాన్ రాయాల్సిన చోట సరిగ్గా రాయాలి. అది తప్పితే ఐటిన్ కోసం పరిగెత్తే రోజు నిజంగానే వస్తుంది.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ మనలాంటి వాళ్లను గుర్తుపట్టడానికి వాడే నంబర్లు మూడు రకాలు. అక్కడ ఉద్యోగం చేసినవాళ్లకు ఎస్ఎస్ఎన్ ఉంటుంది. ఎస్ఎస్ఎన్ రాని మనిషి అక్కడ రిటర్న్ వేయాల్సి వస్తే ఇచ్చేది ఐటిన్. ఇది 1996 నుంచి ఉంది. తొమ్మిది అంకెలు, మొదటిది ఎప్పుడూ 9. ఇక మూడోది, మన దేశం మనకిచ్చిన పన్ను నంబర్, అంటే పాన్. మొదటి రెండూ ఉన్నాయా లేవా అన్నది పక్కన పెట్టి, ముందు మూడోదాని పని చూద్దాం. ఎక్కువమందికి కావాల్సింది అదే.

ఒకే ఒక్క ఫారం

అకౌంట్ తెరిచేటప్పుడు బ్రోకర్ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపిస్తాడు. "నేను అమెరికా పన్ను పరిధిలోని మనిషిని కాను, ఫలానా దేశంలో పన్ను కట్టేవాణ్ణి" అని మనం రాసిచ్చే కాగితం అది. చాలా యాప్‌లలో రెండు మూడు స్క్రీన్లలో అయిపోతుంది కాబట్టి చదవకుండా నొక్కేస్తుంటారు. బావగారితో ఆ రోజు స్క్రీన్ షేర్ పెట్టించి ఒక్కో లైనూ చూసుకుంటూ వెళ్లాం.

3వ లైన్‌లో శాశ్వత చిరునామా. ఉత్తరాలు భద్రంగా చేరతాయని న్యూజెర్సీలో ఉన్న కూతురి ఇంటి అడ్రస్ రాయబోయారు. ఆపాను. ఒకరి కేరాఫ్ చిరునామా, పోస్టు బాక్సు ఆ లైన్‌లో పనికిరావు. పైగా ఫారంలో ఎక్కడ అమెరికా అడ్రస్ కనిపించినా, ఈయన నిజంగా అక్కడివాడు కాదా అన్న అనుమానం బ్రోకర్‌కు వస్తుంది, ఇంకో నాలుగు కాగితాలు అడుగుతాడు. 5వ లైన్ ఎస్ఎస్ఎన్ లేదా ఐటిన్ కోసం. అవి లేవు కాబట్టి ఖాళీగా వదిలేశాం. 6ఎ దగ్గర విదేశీ పన్ను నంబర్ అని ఉంటుంది. ఆయన ఆధార్ కార్డు చేతిలోకి తీసుకున్నారు! ఆధార్ పన్ను నంబర్ కాదు. అక్కడ పాన్ రాయాలి, పది అక్షరాలూ ఖాళీల్లేకుండా. 9వ లైన్‌లో అమెరికాతో పన్ను ఒప్పందం ఉన్న దేశంగా ఇండియాను ఎంచుకోవాలి. 10వ లైన్ ప్రత్యేక పరిస్థితుల కోసం, మామూలు షేర్లకు దాంతో పని లేదు. తర్వాత సంతకం. అంతే.

ఈ ఫారం సంతకం చేసిన సంవత్సరం తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరి రోజు వరకు చెల్లుతుంది. 2026లో ఏ నెలలో సంతకం పెట్టినా 2029 డిసెంబర్ 31తో గడువు అయిపోతుంది. ఈలోగా నివాస దేశం మారితే 30 రోజుల్లో చెప్పాలి. గడువు సంగతి బ్రోకర్ ఈమెయిల్‌లో గుర్తుచేస్తాడు, మనమేమో దాన్ని ప్రకటన అనుకుని తీసేస్తాం. ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోవడం మేలు.

వంద డాలర్ల డివిడెండ్ ఎక్కడికెక్కడికి పోతుంది

ఒప్పందం లేని దేశంవాళ్లకు డివిడెండ్ మీద అమెరికా 30 శాతం కోస్తుంది. భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన వ్యక్తిగత ఇన్వెస్టర్లకు అది 25 శాతం. షేర్లు అమ్మగా వచ్చిన లాభం మీద మాత్రం, అక్కడ ఉండని విదేశీయుల నుంచి అమెరికా మామూలుగా ఏమీ తీసుకోదు. ఆ పన్ను ఇక్కడే కట్టాలి.

ఫారం సరిగ్గా ఉంటే 100 డాలర్ల డివిడెండ్‌లో 75 చేతికొస్తుంది. మీరు 30 శాతం స్లాబ్‌లో ఉంటే సెస్సుతో కలిపి ఇక్కడి పన్ను 31.2 డాలర్లు. అక్కడ కోసిన 25కి ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు, అంటే ఇంకా కట్టాల్సింది 6.2 మాత్రమే. క్రెడిట్ అడగడం మరిచిపోతే రెండు చోట్లా కట్టినట్టే, వందలో 56.2 పన్నుకే పోతుంది.

ఇప్పుడు ఫారంలో ఒప్పందం సంగతి రాయకపోవడం వల్ల 30 కోశారనుకోండి. ఒప్పందం ప్రకారం అమెరికాకు వెళ్లాల్సింది 25 కాబట్టి మన శాఖ 25 వరకే ఒప్పుకుంటుంది. మిగతా 5 డాలర్లు ఐఆర్ఎస్ దగ్గరే అడగాలి. దానికి అక్కడ 1040-ఎన్ఆర్ అనే రిటర్న్ వేయాలి, ఆ రిటర్న్‌కు ఐటిన్ కావాలి. ఒక్క లైన్ సరిగ్గా నింపనందుకు మొదలయ్యే తిరుగుడు ఇది. అదే ఏడాదిలో తప్పు బయటపడితే మాత్రం ముందు బ్రోకర్‌నే అడగండి. కొత్త ఫారం ఇస్తే ఎక్కువ కోసింది తనే సరిచేసే వీలుంటుంది.

తక్కువ స్లాబ్‌లో ఉన్నవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఇక్కడ ఆ ఆదాయం మీద పడే పన్నును మించి క్రెడిట్ ఇవ్వరు. 10 శాతం స్లాబ్‌లో ఉన్నాయనకు సెస్సుతో 10.4 డాలర్ల వరకే సర్దుతారు, మిగతా 14.6 పోయినట్టే, దానికి రీఫండ్ లేదు. రిటైరైన తల్లిదండ్రుల పేరు మీద డివిడెండ్ ఎక్కువిచ్చే అమెరికా షేర్లు కొంటున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. వాళ్లకు డివిడెండ్ తక్కువిచ్చే కంపెనీలే నయం.

ఐటిన్ ఎవరికి నిజంగా కావాలి

ఐటిన్ గురించి నాకు తెలిసింది చేతులు కాలాకే. కొన్నేళ్ల కింద నేనూ ఒక ఏజెంట్ మాట నమ్మి డబ్బు కట్టాను. డబ్ల్యూ-7 దరఖాస్తు నింపించాడు, ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకుని టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు పంపాడు. అక్కడ ఐఆర్ఎస్‌కు ఐటిన్ ఆఫీసు ఉంది. నెలలు గడిచాయి. చివరికి పాస్‌పోర్ట్ తిరిగొచ్చింది కానీ నంబర్ రాలేదు. కారణం సూటిగా రాశారు. దరఖాస్తుతో పాటు పన్ను రిటర్న్ జతచేయలేదు, రిటర్న్ లేకుండా అడగడానికి అనుమతించే మినహాయింపు పత్రమూ పెట్టలేదు. ఆ నెలలన్నీ పాస్‌పోర్ట్ చేతిలో లేక ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. అందుకే ఎవరు అడిగినా ఈ విషయం విడమరిచి చెబుతుంటాను. డబ్ల్యూ-7కు ఐఆర్ఎస్ ఫీజు ఏమీ తీసుకోదు. ఏజెంట్లు అడిగేదంతా వాళ్ల సేవకే. నిజంగా కావాల్సి వస్తే ఐఆర్ఎస్ గుర్తించిన సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గరకు వెళ్లండి, ఆయన పాస్‌పోర్ట్ అక్కడే చూసి ధ్రువీకరించి మీది మీకిచ్చేస్తాడు.

కావాల్సిన సందర్భాలు కొన్నే. పైన చెప్పిన ఐదు డాలర్ల లాంటి రీఫండ్ ఒకటి. అయితే ఆ మొత్తం ఖర్చుకు, శ్రమకు తగినంత ఉందో లేదో చూసుకోవాలి. అమెరికాలో ఇల్లు కొని అద్దెకిచ్చి రిటర్న్ వేసేవాళ్లది ఇంకొకటి. మూడోది చాలామందికి తెలియనిది. అక్కడి ఎక్స్ఛేంజ్‌లో మామూలు షేర్లలాగే కనిపించే భాగస్వామ్య సంస్థల యూనిట్లు కొన్ని ఉంటాయి, ఎక్కువగా ఆయిల్, గ్యాస్ పైపులైన్ల వ్యాపారంలో. వాటిని ఎంఎల్‌పీ అంటారు. వాటిని కొన్న విదేశీయుణ్ణి అమెరికాలో వ్యాపారం చేస్తున్నట్టే లెక్కేస్తారు. పంచే సొమ్ములో 37 శాతం వరకు కోస్తారు. 2023 జనవరి నుంచి అమ్మినప్పుడు కూడా వచ్చిన మొత్తం సొమ్ములో 10 శాతం కోస్తున్నారు, లాభంలో కాదు, మొత్తంలో! పైగా రిటర్న్ తప్పనిసరి. పేరు చివర ఎల్‌పీ అని కనిపిస్తే కొనే ముందు ఆగండి. ఆ యూనిట్ కోసం ఐటిన్ తీసుకోవడం కంటే దాన్ని వదిలేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

నాలుగోది అక్కడ చదువుకుంటున్న మన పిల్లల సంగతి. ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్లను మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో సాధారణంగా నాన్ రెసిడెంట్‌గానే చూస్తారు. కాబట్టి వాళ్లూ డబ్ల్యూ-8బెనే ఇవ్వాలి. కానీ ఆ ఏడాదిలో 183 రోజులు అంతకు మించి అక్కడ ఉంటే షేర్లు అమ్మిన లాభం మీద 30 శాతం పన్ను పడుతుంది. ఇండియాలో కూర్చుని అమ్మే మనకు లేని పన్ను, హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్‌లో ట్రేడింగ్ చేసే అబ్బాయికి ఉంటుంది. బ్రోకర్ దాన్ని కోయకపోవచ్చు, వాడే 1040-ఎన్ఆర్ వేసి కట్టాలి. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి ఎస్ఎస్ఎన్ ఉంటే సరే, లేకపోతే ఆ రిటర్న్‌తో పాటే డబ్ల్యూ-7 పెట్టి ఐటిన్ తీసుకోవాలి. ఐటిన్ అసలు ఉన్నదే ఇలాంటి అవసరానికి. పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క మాట చెప్పండి.

వరసగా మూడేళ్లు అమెరికా రిటర్న్‌లో వాడకపోతే ఐటిన్ చెల్లకుండా పోతుంది. ఎందుకైనా మంచిదని ముందే తీసిపెట్టుకున్నా ఉపయోగం లేదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఉద్యోగం చేసి తిరిగొచ్చినవాళ్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు

హెచ్1బి మీద పనిచేసి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చినవాళ్ల ఎస్ఎస్ఎన్ జన్మంతా ఉంటుంది. వాళ్లకు ఐటిన్ ఇవ్వరు కూడా. వాళ్లు చేయాల్సింది బ్రోకర్ దగ్గర పాత డబ్ల్యూ-9 (అమెరికా పన్ను పరిధిలో ఉన్నవాళ్లు ఇచ్చే ఫారం) తీసేయించి డబ్ల్యూ-8బెన్ ఇవ్వడం. 5వ లైన్‌లో ఎస్ఎస్ఎన్, 6ఎలో పాన్, రెండూ రాయొచ్చు. ఇండియా అడ్రస్ చెబితే అకౌంట్ మూసేస్తామనే బ్రోకర్లు ఉన్నారు కాబట్టి తిరిగి రాకముందే కనుక్కోండి. గ్రీన్ కార్డు ఇంకా వదులుకోనివాళ్లది వేరే దారి. వాళ్లు ఎక్కడున్నా అమెరికా పన్ను పరిధిలోనే ఉంటారు, వాళ్లకు డబ్ల్యూ-9.

తిరిగొచ్చినవాళ్లకు ఒక మంచి వీలుంది. ఇక్కడి చట్టం ప్రకారం మొదటి రెండు మూడేళ్లు చాలామంది ఆర్ఎన్ఓఆర్ హోదాలో, అంటే రెసిడెంటే అయినా ఇంకా పూర్తి స్థాయి రెసిడెంట్ కాని హోదాలో ఉంటారు. ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు, విదేశీ ఆస్తుల షెడ్యూలూ నింపక్కర్లేదు. అమెరికా కూడా అమ్మకపు లాభం మీద తీసుకోని స్థితి అది. పాత షేర్లు అమ్మాలనుకుంటే అదే సరైన సమయం. డబ్బు ముందు అక్కడి అకౌంట్‌లో పడాలి, తర్వాత ఇక్కడికి తెచ్చుకోవచ్చు.

దుబాయ్‌లో, సింగపూర్‌లో ఉన్నవాళ్లు పాన్ ఉంది కదా అని 9వ లైన్‌లో ఇండియా పెడుతుంటారు. అది తప్పు. ఒప్పందం పౌరసత్వాన్ని బట్టి కాదు, పన్ను చెల్లించే నివాసాన్ని బట్టి వర్తిస్తుంది. ఆ రెండు దేశాలకూ అమెరికాతో ఆదాయపు పన్ను ఒప్పందం లేదు, కాబట్టి 30 శాతం. నివసించే దేశం పన్ను నంబరే ఇవ్వకపోతే అందుకోసమే 6బి గడి ఉంది.

అసలు పని ఇక్కడి రిటర్న్‌లో

అమెరికా వైపు ఒక ఫారంతో తేలిపోతుంది. పన్ను మొత్తం కోసేశారు కాబట్టి అక్కడ రిటర్న్ వేయక్కర్లేదు. మార్చి నెల మధ్యకల్లా బ్రోకర్ 1042-ఎస్ ఇస్తాడు, కోత ఎంతో అందులో ఉంటుంది, దాచుకోవాలి. బరువంతా ఇక్కడే. ఐటీఆర్-1, 4 పనికిరావు, 2 లేదా 3 వేయాలి. 24 నెలలు దాటి ఉంచుకున్న షేర్ల లాభంపై 12.5 శాతం, అంతకు ముందే అమ్మితే స్లాబ్ ప్రకారం. మన షేర్లకు ఉన్న 1.25 లక్షల మినహాయింపు వీటికి లేదు. డివిడెండ్ క్రెడిట్ కోసం ఫారం 67 వేయాలి. గడువు అసెస్‌మెంట్ సంవత్సరం చివరిదాకా ఉన్నా రిటర్న్ వేసే రోజే వేసేయండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, ఆ తర్వాతి ఆదాయానికి ఫారం నంబర్లు పోర్టల్‌లో చూసి నిర్ధారించుకోండి.

అన్నిటికంటే ఎక్కువ మంది తడబడేది షెడ్యూల్ ఎఫ్ఏ దగ్గర, అంటే రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే భాగం దగ్గర. ఒక్క షేర్ ఉన్నా, లాభం రాకపోయినా, రెసిడెంట్ అయితే నింపాల్సిందే. అందులో లెక్క మన ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబర్. 2025-26 రిటర్న్‌లో 2025 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు ఎప్పుడైనా మీ దగ్గర ఉన్నవే చూపాలి. 2026 ఫిబ్రవరిలో కొన్న షేర్ ఆర్థిక సంవత్సరం లోపే కొన్నా ఆ షెడ్యూల్‌లోకి రాదు, వచ్చే ఏటిదాంట్లో వస్తుంది. ఏ3 పట్టికలో కంపెనీ పేరు, చిరునామా, కొన్న తేదీ, కొన్న విలువ, ఏడాదిలో గరిష్ఠ విలువ, చివరి విలువ, వచ్చిన డివిడెండ్, అమ్మిన సొమ్ము అడుగుతారు. రూపాయల్లోకి మార్చడానికి ఎస్‌బీఐ టీటీ కొనుగోలు రేటు, అంటే బ్యాంకు మన దగ్గర డాలర్లు కొనే రేటు వాడాలి. ప్రతి కొనుగోలూ వేరే వరస. ఆఫీసులో ఆర్ఎస్‌యూలు (జీతంతో పాటు ఇచ్చే కంపెనీ షేర్లు) వచ్చే ఐటీ ఉద్యోగులకు ఏడాదికి నాలుగుసార్లు వెస్ట్ అయితే, అంటే షేర్లు వాళ్ల సొంతమైతే, నాలుగు వరసలు. కొన్నరోజే ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటే జులైలో ఏడుపు ఉండదు.

చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడే అవకాశం ఉంది. 2024 అక్టోబర్ నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేకుండా సడలించారు. అలాగని చూపడం మానేయొచ్చని కాదు. 2015 నుంచే ఇలాంటి అకౌంట్ల సమాచారం రెండు దేశాల మధ్య మారుతోంది. రిటర్న్‌లో లేనిది పన్ను శాఖ దగ్గర ముందే ఉంటుంది.

ఇంతకీ ఏ దారి

ఈ కాగితాల పని వద్దనుకునేవాళ్లకు అమెరికా సూచీల్లో పెట్టే మన మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. డబ్ల్యూ-8బెన్ లేదు, షెడ్యూల్ ఎఫ్ఏ లేదు, పాన్‌తో కొనుక్కోవడమే. ఇబ్బందల్లా విదేశీ పెట్టుబడులపై మొత్తం ఫండ్ల రంగానికి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉండటం, దానివల్ల అప్పుడప్పుడు కొత్త డబ్బు తీసుకోవడం ఆపేస్తారు. నెలకు ఐదో పదో వేలు పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

సొంతంగా కంపెనీలు ఎంచుకోవాలనుకునేవాళ్లకు నేరుగా అకౌంట్, పాన్‌తో డబ్ల్యూ-8బెన్. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్‌లో అది సర్దుబాటవుతుంది.

కానీ మొత్తం 60,000 డాలర్లు దాటుతుంటే మూడో దారి చూడాలి. అమెరికా కంపెనీ షేర్లున్న విదేశీయుడు చనిపోతే ఆ విలువపై అక్కడ ఎస్టేట్ పన్ను ఉంది. మినహాయింపు 60,000 డాలర్లే, రేటు 40 శాతం దాకా వెళ్తుంది. రెండు లక్షల డాలర్ల షేర్లుంటే ఖర్చుల తగ్గింపులకు ముందు లెక్కలో పన్ను 41,800 డాలర్లు. ఈ పన్ను విషయంలో మనకు ఒప్పందం లేదు. ఇక్కడ అలాంటి పన్ను 1985లోనే తీసేశారు కాబట్టి మనవాళ్లకు ఆ ఆలోచనే రాదు. తొమ్మిది నెలల్లో 706-ఎన్ఏ అనే రిటర్న్ వేయాలి, ఐఆర్ఎస్ నుంచి బదిలీ పత్రం వచ్చేదాకా బ్రోకర్ అకౌంట్ కదలనివ్వకపోవచ్చు. ఐర్లండ్‌లో నమోదై లండన్‌లో ట్రేడయ్యే ఈటీఎఫ్‌ల (షేర్లలా కొని అమ్ముకునే ఫండ్ల) ద్వారా అవే అమెరికా కంపెనీల్లో పెడితే ఈ పన్ను రాదు. లోపల ఫండే డివిడెండ్ మీద 15 శాతం కట్టుకుంటుంది, దానికి ఇక్కడ మనకు క్రెడిట్ రాదు. షెడ్యూల్ ఎఫ్ఏ మాత్రం తప్పదు.

బావగారి విషయంలో ఇలా తేల్చాం. ఆయన ఇష్టపడి ఎంచుకున్న నాలుగు కంపెనీలు నేరుగా, మొత్తం 60,000కు బాగా లోపలే. పెంచాలనుకుంటే ఆపైన ఐర్లండ్ ఈటీఎఫ్. ఏజెంట్‌కు ఇవ్వాల్సిన డబ్బు మిగిలింది. బ్రోకర్ పేరు, అకౌంట్ నంబర్, డబ్ల్యూ-8బెన్ గడువు తేదీ ఒక కాగితం మీద రాయించి, ఇంటి పత్రాలున్న ఫైల్లో అక్క చూస్తుండగా పెట్టించాను.